బావమరిది తినిపించిన ఐరిష్ టిఫిన్

మా బావమరిది మమ్మల్ని ఇంటికి పిలవలేదు, హోటల్‌కి పిలిచాడు. జరిగింది చెప్పాలంటే ఈ మాటతోనే మొదలుపెట్టాలి. సొంత అక్కా బావా విమానమెక్కి వస్తుంటే, "శనివారం పొద్దున టౌన్‌లో ఒక ఐరిష్ కాఫేలో కలుద్దాం, అక్కడ బ్రేక్‌ఫాస్ట్ చాలా బాగుంటుంది" అని మెసేజ్ పెట్టాడు. దాని కింద కాఫేకి దారి చూపించే మ్యాప్ పెట్టాడు. ఫోన్ చేయలేదు.

మేముండేది లండన్ పక్కన స్లౌలో. వాడుండేది ఉత్తర ఐర్లండ్‌లో, బెల్‌ఫాస్ట్‌లో. ఆస్ట్రేలియాలో ఉద్యోగం దొరికిందని ఇల్లు అమ్మేశాడు, నెలాఖరుకు వెళ్ళిపోతున్నాడు. ఈ సంగతి మాకు ఫ్యామిలీ గ్రూపులో పదిమందితో పాటు తెలిసింది. మా ఆవిడకు ఈ దేశంలో పుట్టిల్లు అని చెప్పుకోవడానికి ఉన్నది తమ్ముడి ఇల్లొక్కటే. ఆ ఇంటి గడప ఆవిడ ఒక్కసారి కూడా తొక్కలేదు. "వాడు వెళ్ళిపోయేలోపు ఆ ఇంట్లో ఒక్క పూట కూర్చుని వస్తానండీ. ఇంకేం అడగను" అంది. అందుకోసం వెళ్ళాం.

ఎందుకు తొక్కలేదో కూడా చెప్పాలి. వాడు ఆ ఇల్లు కొన్నప్పుడు గృహప్రవేశం శుభలేఖను ఫోటో తీసి గ్రూపులో పడేశాడు. అక్కకు విడిగా ఫోన్ చేశాడు, అది నిజమే. "బావకి కూడా చెప్పక్కా" అన్నాడట. ఇంటల్లుడికి పిలుపు అతని భార్య చేత చెప్పించాడు. మా వైపు పిలుపంటే ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవడం. సముద్రం దాటొచ్చాం కాబట్టి బొట్టు సంగతి వదిలేద్దాం. ఫోన్ తీసి, బావా మీరు రావాలి అనడానికి ఎవరు అడ్డొచ్చారు? నేను రానన్నాను. మొగుడు లేకుండా ఒక్కతే వెళ్తే అక్కడ అందరికీ ఏమని సమాధానం చెప్పాలని మా ఆవిడ కూడా ఆగిపోయింది. వెళ్ళొద్దని నేను అనలేదు. ఈ మాట అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెప్తున్నాను.

గృహప్రవేశంలో పాలు పొంగించాల్సింది ఇంటి ఆడపడుచు. ఆ పొద్దున గ్రూపులో ఫోటోలు వచ్చాయి. వాడి ఆఫీసులో పనిచేసే ఎవరో ఒకావిడ, పట్టుచీర కట్టుకుని, మా ఆవిడ నిలబడాల్సిన చోట నిలబడి పాలగిన్నెలో బియ్యం పోస్తోంది. మా ఆవిడ వంటింట్లో ఆ ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూసింది. తర్వాత ఫోన్ పక్కన పెట్టి కూరగాయలు తరగడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి వాడి ఫోన్లు తగ్గిపోయాయి. వచ్చినా నేను ఆఫీసులో ఉన్న వేళ చూసుకుని వచ్చేవి.

విమానం తెల్లవారగానే ఉంది. హీత్రోలో చెకింగ్ దగ్గర మా ఆవిడ తమ్ముడి కోసం పట్టుకెళ్తున్న గోంగూర పచ్చడి సీసా తీసేసుకున్నారు. అది ద్రవమట. అది పచ్చడి, గరిటె నిలబెడితే నిలబడుతుందని నేను వాదించాను. ఆ అమ్మాయి చిరునవ్వుతోనే సీసాను చెత్తడబ్బాలో వేసింది. "పోనీలెండి, పాపకి గౌను ఉందిగా" అంది మా ఆవిడ. మేనకోడల్ని ఫోటోల్లో చూడటమే కాబట్టి, కొలత తెలియక రెండేళ్ళు పెద్దది కొంది. బెల్‌ఫాస్ట్‌లో దిగి బస్సెక్కాక అడిగింది, "ముందు బయట టిఫిన్ పెట్టించి, తర్వాత ఇంటికి తీసుకెళ్తాడేమోనండీ?" నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. తీసుకెళ్ళేవాడైతే టిఫిన్ కూడా ఇంట్లోనే పెట్టేవాడని నాకు తెలుసు.

కాఫే ఒక వీధి మూలన ఉంది. ఆవిరి పట్టిన అద్దాల వెనక మనుషులు నీడల్లా కనిపిస్తున్నారు. లోపల ఒక్కో కుర్చీ ఒక్కో రకం. బల్లల మీద పువ్వుల ఆయిల్‌క్లాత్, ప్రతి బల్ల మీదా ఊలు తొడుగు వేసిన టీ పాత్ర. ఎవరో ముసలమ్మ తన ఇంటి ముందుగదిని ఊరందరికీ తెరిచిపెట్టినట్టుంది. నిజానికి జరిగింది కూడా అదే. తెల్లజుట్టు, పూల ఏప్రన్ ఉన్న ఒక పెద్దావిడ పొయ్యికీ బల్లలకీ మధ్య తిరుగుతూ, వచ్చిన ప్రతివాళ్ళనీ 'లవ్' అని పిలుస్తోంది.

మావాడు తలుపు పక్క బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఎవరు లోపలికొచ్చినా చల్లగాలి నేరుగా వెన్నుకు కొట్టే చోటు. మమ్మల్ని చూసి లేచాడు.

"రండి బావగారూ. ప్రయాణం బాగా జరిగిందా?"

ఉద్యోగం రాకముందు మా ఫ్లాట్‌లో ఉన్నన్నాళ్ళూ నన్ను 'బావా' అనేవాడు. మర్యాద తగ్గితే ఊరుకోనని నన్ను అనేవాళ్ళు చాలామందే ఉన్నారు. మర్యాద పెరిగితే కూడా నాకు తెలుస్తుంది. 'గారు' తగిలించాడంటే నన్ను ఎంత దూరం జరిపాడో ఆ ఒక్క మాటలో అర్థమైంది.

"అక్కా, చిక్కిపోయావే" అన్నాడు.

"నువ్వు లావయ్యావులే, ఇద్దరికీ సరిపోయింది" అంది మా ఆవిడ. వాడి చెయ్యి పట్టుకుని కూర్చుంది, వదల్లేదు.

పెద్దావిడ మూడు కప్పుల్లో టీ పోసింది. నల్లగా, చిక్కగా, బాగా మరిగిన టీ. అది బాగుంది. బాగున్నదాన్ని బాగాలేదనే అలవాటు నాకు లేదు. మెనూ ఇమ్మని అడగబోతే మావాడు ఆపాడు.

"అక్కర్లేదు, రాత్రే చెప్పేశాను. శనివారం వీళ్ళ పొటాటో బ్రెడ్ తొందరగా అయిపోతుంది. అందుకని ఫోన్ చేసి మూడు పక్కన పెట్టమన్నా."

కాఫేకి ఫోన్ చేశాడు. నేను టీ తాగాను.

అంతలోనే పళ్ళేలు వచ్చాయి. పొగలు కక్కుతున్న బేకన్, సాసేజీలు, గుడ్డు, వేయించిన టమాటా, పుట్టగొడుగులు, పంది రక్తంతో చేసిన బ్లాక్ పుడ్డింగ్ ముక్కలు. పక్కన సోడా బ్రెడ్, పొటాటో బ్రెడ్, అన్నీ ఆ పంది కొవ్వులోనే వేయించి ఉన్నాయి. ఐరిష్ వాళ్ళు పొద్దున్నే ఇది తిని పనికి పోతారట. నాకు ఏ వారమైనా ఏదైనా తినే అలవాటే. నేను చూసింది మా ఆవిడ మొహం.

వాడికి తెలియనిది ఇక్కడ చెప్పాలి. వాడు మాస్టర్స్ అయ్యాక ఉద్యోగం దొరక్క మా ఫ్లాట్‌లో హాల్లో సోఫా మీద పడుకునేవాడు. వీసా గడువు దగ్గరపడుతోంది. రోజూ అప్లికేషన్లు, రోజూ సారీ అని జవాబులు. అప్పుడు మా ఆవిడ వెంకన్నకు మొక్కుకుంది. తమ్ముడికి ఉద్యోగం వస్తే బతికినన్నాళ్ళూ శనివారాలు నీచు ముట్టనని. పిల్లప్పుడు మాంసం లేనిదే ముద్ద దిగని మనిషి ఆవిడ. కొద్దిరోజులకే బెల్‌ఫాస్ట్‌లో ఉద్యోగం వచ్చింది, వాడు సూట్‌కేస్ సర్దుకుని వెళ్ళాడు. మొక్కు సంగతి వాడికి చెప్పలేదు. ఎవరి కోసం మొక్కుకున్నామో వాళ్ళకు చెప్పకూడదని ఆవిడ నమ్మకం. అప్పటి నుంచి శనివారం మా ఇంట్లో గుడ్డు కూడా ఉడకలేదు. ఇప్పుడు ఆ పళ్ళెంలో ఆవిడ తినదగినది ఒక్కటి కూడా లేదు.

"అక్కా, ముందు ఆ నల్లది తిని చూడు" అన్నాడు వాడు. "ఆదివారం నాన్న తెచ్చే రక్తం వేపుడు గుర్తొస్తుంది. మొదటిసారి ఇక్కడ తిన్నప్పుడు నువ్వే గుర్తొచ్చావు."

"తింటాలేరా. వేడిగా ఉంది."

"వేడిగా ఉన్నప్పుడే తినాలి. ఒకప్పుడు నా కంచంలో మూలుగ బొక్క కూడా లాక్కునేదానివి. ఇప్పుడు డైటింగా?"

"స్లౌ నీళ్ళకి పళ్ళన్నీ కదులుతున్నాయి. ఇక బొక్కలేం కొరకను" అంది. ఇద్దరూ నవ్వారు. మా ఆవిడ అలా పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం చూసి చాలాకాలమైంది.

పాప గురించి అడిగింది. తెలుగు అర్థమవుతుందట, మాట్లాడదట. వాడు తెలుగులో ఏమైనా అంటే, "డాడ్, నువ్వు మాట్లాడితే ఫన్నీగా ఉంటుంది" అని ఇంగ్లీషులో అంటుందట, అచ్చం ఈ ఊరి యాసలో.

"నన్ను గుర్తుపడుతుందా?"

"ఫోటోలు చూపిస్తాం కదక్కా" అన్నాడు.

మాటల మధ్య ఆవిడ ఫోర్కుతో ముక్కల్ని ఇటునుంచి అటు జరుపుతోంది. బేకన్‌ని రొట్టె కింద దాచింది. వాడు అది చూశాడు. "నీకోసమే చెప్పానక్కా. తినకపోతే ఎలా?" అన్నాడు. ఆ గొంతులో నిజంగానే బాధ ఉంది. మా ఆవిడ సాసేజీ చివర చిన్న ముక్క కోసింది. ఫోర్కుకి గుచ్చింది. ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తింది.

"ఈ రోజు శనివారం" అన్నాను.

"అయితే ఏంటి బావగారూ? మీరెప్పటి నుంచి శనివారాలు చేస్తున్నారు?"

"నేను కాదు."

మా ఆవిడ బల్ల కింద నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. "ఏవండీ, వద్దు."

వద్దన్నప్పుడు ఆగాల్సిందని తర్వాత ఇద్దరు ముగ్గురు నాతో అన్నారు. వాళ్ళెవరూ ఆ బల్ల దగ్గర లేరు. ఆవిడ ఇన్నేళ్ళ మొక్కును ఒక మనిషి మొహమాటానికి మింగబోతుంటే, ఆ మనిషికి అదేమిటో కూడా తెలియకపోతే, చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాదు. చెప్పాను. సోఫా, వీసా, వెంకన్న, అంతా చెప్పాను. గొంతు కూడా పెంచలేదు.

వాడు ఫోర్కు కింద పెట్టాడు.

"నిజమా అక్కా?"

"మొక్కులు ఎవరైనా చెప్పుకుంటార్రా?" అంది ఆవిడ, ఎటో చూస్తూ.

వాడు నా వైపు తిరిగాడు. "అక్క ఇన్నేళ్ళూ దాచుకున్నది మీరెందుకు చెప్పారు? నాకు తెలియాలనా, నేను తలదించుకోవాలనా?"

"తెలియాలని."

"అంత తెలియాలనుంటే ఎప్పుడైనా ఫోన్ చేసి చెప్పొచ్చుగా."

"నువ్వు ఫోన్ చేసుంటే చెప్పేవాణ్ణి."

"అదీ సంగతి" అన్నాడు. నవ్వాడు కానీ అది నవ్వు కాదు. "ఇంకా ఆ ఫోన్ దగ్గరే ఉన్నారా మీరు? ఇంట్లోవాళ్ళని ఎవరైనా పిలుస్తారా బావా? నాన్న ఉండుంటే బొట్టూ కాయా పట్టుకుని పిలిచేవాడేమో. నాకా పద్ధతులు ఎవరు చెప్పారు? మీరు లుంగీ కట్టుకుని నా పక్కన కూర్చుని క్రికెట్ చూసిన మనిషి. మీకు మళ్ళీ పిలుపేంటి, అక్కని తీసుకుని మీరే ముందొస్తారు, నన్నే కేకలేస్తారు ఏర్పాట్లు బాగాలేవని, అనుకున్నా. పాలగిన్నె పొయ్యి మీద పెట్టుకుని, పంతులుగారు ముహూర్తం దాటిపోతోందని అరుస్తుంటే, తలుపు వైపు చూస్తూ నిలబడ్డాను. చివరికి ఆ ఆఫీసావిడని బతిమాలాను, మీరైనా పొంగించండని."

కోపంలో 'గారు' జారిపోయింది. వాడు గమనించలేదు, నేను గమనించాను.

వాడు తలుపు వైపు చూస్తూ నిలబడ్డాడన్నది నాకు కొత్త. ఫోటోలో అది లేదు. అలాగని నా మనసు మారలేదు. ఇంట్లోవాళ్ళని పిలవక్కర్లేదని వాడు అనుకున్నాడు. పిలిస్తేనే ఇంట్లోవాళ్ళవుతారని నేను అనుకుంటాను, ఇప్పటికీ. మా ఇద్దరిలో ఎవరు ఒప్పుకున్నా జరిగిపోయిన ముహూర్తం వెనక్కి రాదు కాబట్టి, ఎవరూ ఒప్పుకోలేదు.

అప్పుడే పెద్దావిడ వచ్చింది. మా ఆవిడ పళ్ళెం చూసి మొహం చిన్నబుచ్చుకుంది. "ఏమైనా బాగాలేదా లవ్? వేరేది చేసి తేనా?" అని అడిగింది.

"లవ్‌లీ, చాలా బాగుంది" అంది మా ఆవిడ ఇంగ్లీషులో.

పెద్దావిడ నమ్మలేదు. మావాడి భుజం మీద తట్టి, మా ఆవిడను చూపించి, "నువ్వు ఎప్పుడూ చెప్పే అక్క ఈవిడేనా?" అని అడిగింది. వాడు తలూపాడు. పెద్దావిడ వెళ్ళి అప్పుడే కాల్చిన సోడా బ్రెడ్ ముక్కలూ, వెన్నా, జామూ తెచ్చి మా ఆవిడ ముందు పెట్టింది. వాటికి ఏ కొవ్వూ తగల్లేదు. అవి తిని లేచిపోతే సరిపోయేది.

మా ఆవిడ వాటిని ముట్టుకోలేదు. ఫోర్కు తీసుకుని సాసేజీ తింది. తర్వాత రొట్టె కింద దాచిన బేకన్ బయటికి లాగి తింది. నల్లముక్కలు తింది. మమ్మల్నిద్దరినీ చూడకుండా, తొందరపడకుండా, మందు మింగినట్టు తింది. అంతా అయ్యాక పేపరుతో మూతి తుడుచుకుంది.

"తిన్నాను. ఇక మొక్కూ లేదు, గొడవా లేదు. ఇద్దరూ ఆపండి" అంది.

ఆపాం. ఆవిడ తమ్ముడి వైపు తిరిగింది.

"ఇంటికి తీసుకెళ్ళరా. మా ఫ్లైట్ సాయంత్రం కదా. కూర్చోనులే, ఒక్కసారి అలా చూసి వచ్చేస్తా."

పిలుపు లేదని ఒక గృహప్రవేశం వదులుకున్న ఇంటి మనిషి, తనంతట తను నోరు తెరిచి అడిగింది. నేను ఆయిల్‌క్లాత్ మీద పువ్వుల్ని చూస్తూ కూర్చున్నాను.

వాడు చల్లారిపోయిన టీ కప్పును తిప్పుతూ ఉన్నాడు.

"తాళాలు నిన్న ఇచ్చేశామక్కా."

"నెలాఖరు అన్నావుగా?"

"కొన్నవాళ్ళు ముందే కావాలన్నారు. సామాను పోయింది. పాపా వాళ్ళమ్మా కూడా మొన్ననే ఇండియా వెళ్ళిపోయారు, పాప అమ్మమ్మావాళ్ళ దగ్గర కొన్నాళ్ళుండి అటునుంచి అటే ఆస్ట్రేలియా వస్తారు. నేను హోటల్ రూమ్‌లో ఉంటున్నా. అందులో ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు తలుపు బయట నిలబడాలి. నిన్ను ఎక్కడ కూర్చోబెట్టను? ఈ ఊళ్ళో నాకు ఇల్లులా అనిపించేది ఇంకిదొక్కటే. అందుకే ఇక్కడికి రమ్మన్నా."

"ముందే చెప్తే ఏం పోయేది?" అన్నాను.

"ఇల్లు లేదని తెలిస్తే అక్క రాదేమో అనుకున్నాను" అన్నాడు.

ఒక్క మాట ముందే చెప్పి ఉంటే ఆవిడ ఆ ఆశ పెట్టుకుని విమానం ఎక్కేది కాదు. ఈ సంగతి కూడా నేను మర్చిపోను. కానీ ఆ పూట ఇంకేమీ అనలేదు. మా ఆవిడ సంచిలోంచి గౌను తీసి వాడి చేతికిచ్చింది. "పెద్దదైంది, కొన్నాళ్ళాగి వెయ్యి" అంది. వాడు దాన్ని పాపనే ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు.

బయటికొచ్చాక సన్నటి జల్లు పడుతోంది. ఊరికి ఒక పక్కన కొండ, దాని వాలు మీద ఒకదాని పక్కన ఒకటి ఇళ్ళ వరసలు.

"ఎటువైపురా?" అని అడిగింది.

"అదిగో, ఆ చర్చి శిఖరం పక్కనుంచి పైకి చూడు. రెండో వరస. కిటికీ ముందు చిన్న గులాబీ మొక్క ఉంటుంది."

అంత దూరం నుంచి గులాబీ మొక్క ఏం కనిపిస్తుంది? అన్ని ఇళ్ళూ ఒకే బూడిదరంగులో, ఒకే వానలో ఉన్నాయి. ఆవిడ చేతిని కళ్ళకు అడ్డం పెట్టుకుని చూసింది. వాడు ఆవిడ వెనక నిలబడి భుజం మీదుగా వేలు చూపిస్తూ, ఇటు కాదు, కొంచెం పక్కకి, అంటున్నాడు. "ఆఁ, కనిపించింది" అంది చివరికి. అబద్ధమని నాకు తెలుసు. వాడికీ తెలుసనుకుంటాను.

బస్‌స్టాప్ దాకా వచ్చాడు. వంగి అక్క పాదాలు తాకబోతే ఆవిడ పట్టుకుని ఆపింది. "వస్తాను బావగారూ" అన్నాడు నాతో. సరే అన్నాను.

బస్సులో ఆవిడ చాలాసేపు అద్దం మీది నీళ్ళు చూస్తూ కూర్చుంది. ఎయిర్‌పోర్టు దగ్గరపడుతుండగా నా వైపు తిరిగింది.

"వాడికేం కాదు కదండీ?"

మొక్కు తప్పితే ఆ పాపం ఎవరికి తగులుతుందని ఆవిడ భయమో నాకు అర్థమైంది. నాకు మొక్కుల మీద నమ్మకం లేదు.

"ఏం కాదు" అన్నాను.

"మీరు నమ్మరుగా. మీరంటే ఎలా?" అని మళ్ళీ అద్దం వైపు తిరిగింది.